రంగు, జుట్టు, గుడ్డు: నాటుకోళ్లలో కావలసిన గుణాన్ని నిలబెట్టుకునే పద్ధతి



నాకు ఫోన్ చేసే రైతుల్లో సగం మంది అడిగేది ఇదే. "అన్నా, మంచి డేగ పుంజుని కొన్నాను, పిల్లలన్నీ తలో రంగులో పుట్టాయి. నన్ను మోసం చేశారా?" చాలాసార్లు అక్కడ మోసమేమీ ఉండదు. కోడి మీద కనపడే గుణం వేరు, కోడి లోపల దాగి ఉండే గుణం వేరు. ఈ తేడా తెలియక నేను కూడా మూడేళ్లు, చాలా డబ్బు, అంతకంటే విలువైన మా అమ్మ కోళ్ల విత్తనం పోగొట్టుకున్నాను. అందుకే ఈ పాఠం కొంచెం పెద్దది. పైన ఉన్న వీడియోలో కోళ్లను పట్టుకుని చూపించాను. లెక్కలు మాత్రం వీడియోలో నిలబడవు, ఇక్కడ చదివి పుస్తకంలో రాసుకోండి.

మాది ఏలూరు జిల్లా, చింతలపూడి వైపు. నాలుగెకరాల మామిడి తోట, ద్రవ జీవామృతం, ఘన జీవామృతంతోనే సాగు. చెట్ల కింద కోళ్లు తిరుగుతాయి. చెదలు, పండు ఈగ కోశస్థ దశలు, కలుపు గింజలు తింటాయి, ఎరువు వేస్తాయి. వ్యవసాయ డిప్లొమా చదివినా కోళ్ల జన్యుశాస్త్రం మాకు పాఠంగా లేదు. నష్టపోయాకే నేర్చుకున్నాను.

1. నేను చేసిన తప్పు

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత నల్లకోడి పేరు మన పల్లెల దాకా పాకింది. నేను 2019లో ఆరు కడక్‌నాథ్ పెట్టల్ని కొన్నాను. కడక్‌నాథ్ ఒళ్లు చిన్నది. మన దగ్గర అసీల్ పుంజులు ఒడ్డూపొడుగూ ఉంటాయి. రెండింటినీ కలిపితే పెద్ద నల్లకోడి వస్తుంది కదా అనుకున్నాను. పసుపు కాళ్ల డేగ పుంజుని ఆ ఆరు పెట్టల మీద వదిలాను. పట్నంలో తెలిసినవాళ్ల దగ్గర నల్లకోళ్లకి అడ్వాన్సులు కూడా తీసుకున్నాను.

40 గుడ్లు పొదుగుకు వేస్తే 31 పిల్లలు లేచాయి. ఒక్కటంటే ఒక్కటి పూర్తిగా నల్లగా లేదు. అక్కడక్కడ మచ్చలు, అంతే. నల్లరంగు బలమైన గుణం, ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు అని ఎక్కడో చదివాను. అది సగం నిజమే. మిగతా సగం నాకు తెలియలేదు. అడ్వాన్సులు తిరిగి ఇచ్చేశాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. గుడ్ల సంఖ్య పెంచాలని ఎక్కువ గుడ్లు పెట్టే సంకర రకం పుంజుని తెచ్చి మా అమ్మ పెంచుకున్న నాటు పెట్టల్లో వదిలాను. మొదటి ఏడాది గుడ్లు పెరిగాయి, సంతోషించాను. పాత పెట్టల్ని అమ్మేశాను. రెండో ఏడాదికి 40 పెట్టల్లో పొదుగుకి కూర్చున్నవి రెండే. ఇంక్యుబేటర్ కొనాల్సి వచ్చింది. ఓ వేసవి రాత్రి గాలివానకి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. 112 గుడ్లు మురిగిపోయాయి.

గుడ్లన్నీ గొయ్యి తీసి పూడుస్తుంటే మా అమ్మ ఒకటే మాటంది: "ఒరే నాన్నా, రంగు కూరొండుకుంటామేంట్రా? నా కోళ్లు కరెంటు లేకుండానే పిల్లల్ని తీసేయి."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ పాత విత్తనం మళ్లీ ఎలా దొరికిందో చివర్లో చెబుతాను. ముందు పాఠం.

2. పుంజుకి రెండు, పెట్టకి ఒకటి

కోడిపిల్లకి ప్రతి గుణం జతగా వస్తుంది. ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి. ఆ జతలో బలమైనది ఒక్కటి ఉన్నా పైకి కనిపిస్తుంది. బలహీనమైనది రెండూ ఉంటేనే బయటపడుతుంది. అందుకే ఎర్ర పుంజుకీ ఎర్ర పెట్టకీ ఒక తెల్లపిల్ల పుట్టొచ్చు. తెలుపు ఇద్దరిలోనూ దాగి ఉందన్నమాట.

కానీ కొన్ని గుణాలు జెడ్ అనే క్రోమోజోమ్ మీద ఉంటాయి. మనుషుల్లో ఆడామగా తేడా తండ్రి వల్ల వస్తే, కోళ్లలో తల్లి వల్ల వస్తుంది. పుంజుకి జెడ్‌లు రెండు. పెట్టకి ఒకటే. కాబట్టి,

- పెట్టపిల్లకి జెడ్ తండ్రి నుంచే వస్తుంది.
- పుంజుపిల్లకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి.

ఈ రెండు వాక్యాలు గోడ మీద రాసుకోండి. నేను పోగొట్టుకున్న డబ్బంతా వీటిలోనే ఉంది.

3. నల్లకోడి లెక్క

కడక్‌నాథ్‌లో చర్మం, ఎముక, మాంసం దాకా నలుపు దిగడానికి ఒక బలమైన జన్యువు ఉంది. ఇది జెడ్ మీద ఉండదు. కానీ ఆ నలుపుని చర్మంలోకి దిగనివ్వని ఇంకో జన్యువు ఉంది. దాన్ని మనం "అడ్డుగోడ" అందాం. ఇది జెడ్ మీద ఉంటుంది, ఇది కూడా బలమైనదే. పసుపు కాళ్ల కోళ్లలో అడ్డుగోడ ఉంటుంది. కడక్‌నాథ్‌లో ఉండదు.

నేను చేసింది: పసుపు కాళ్ల పుంజు, కడక్‌నాథ్ పెట్టలు. పుంజుకి రెండు జెడ్‌ల మీదా అడ్డుగోడ ఉంది. పిల్లలన్నిటికీ తండ్రి జెడ్ ఒకటి వస్తుంది కాబట్టి అన్నిటికీ అడ్డుగోడ వచ్చింది. నలుపు జన్యువు అన్నిటిలోనూ ఉంది, కానీ బయటికి రాలేదు.

చేయాల్సింది: కడక్‌నాథ్ పుంజు, పసుపు కాళ్ల నాటు పెట్టలు.

- పెట్టపిల్లలు: జెడ్ తండ్రిది. అడ్డుగోడ లేదు. కాబట్టి చర్మం, కాళ్లు బాగా నల్లగా వస్తాయి.
- పుంజుపిల్లలు: తల్లి నుంచి అడ్డుగోడ వచ్చింది. చర్మం, కాళ్లు లేతగా ఉంటాయి.

ఇందులో ఒక లాభం కూడా ఉంది. పుట్టినరోజే కాళ్ల రంగు, చర్మం చూసి ఏది పెట్ట, ఏది పుంజు అని చాలావరకు చెప్పొచ్చు. వీడియోలో పిల్లల్ని రెండు గంపల్లోకి వేరు చేసింది ఇలాగే. ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1911లోనే బేట్సన్, పన్నెట్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు నల్లచర్మం ఉండే సిల్కీ కోళ్లనీ బ్రౌన్ లెగ్‌హార్న్ కోళ్లనీ కలిపి ఇదే రాశారు. నేను కొనకముందు నూటెనిమిదేళ్ల కిందటే జవాబు ఉంది.

రెండో మెట్టు: ఆ నల్ల పెట్టపిల్లలు ఎదిగాక వాటి మీద మళ్లీ కడక్‌నాథ్ పుంజునే వేయాలి. కానీ తండ్రిని కాదు, చుట్టరికం లేని వేరే పుంజుని. ఇప్పుడు తల్లిలోనూ అడ్డుగోడ లేదు, తండ్రిలోనూ లేదు. పిల్లలన్నీ, పుంజులతో సహా, నల్లగానే వస్తాయి.

ఒక మనవి. ఇలా వచ్చిన కోడి నల్లకోడే గానీ కడక్‌నాథ్ కాదు. కొనేవాళ్లకి "నల్ల నాటు సంకరం" అని చెప్పి అమ్మండి. భౌగోళిక గుర్తింపు ఝాబువాలో ఆ కోడిని తరతరాలుగా కాపాడిన భిల్లు, భిలాలా గిరిజనుల కష్టానికి వచ్చింది. ఆ పేరు మనం వాడుకోకూడదు. ఇంకో మాట, కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉండదు. లేత గోధుమ రంగులో ఉంటుంది. నల్ల గుడ్లు అని ఎవరైనా అమ్మితే కొనకండి.

4. ఈకల రంగు

మన పెద్దవాళ్లు కోళ్లకి పెట్టిన పేర్లు మీకు తెలుసు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతు, మెడ మీద నలుపు తెలుపు సమానంగా ఉంటే పర్ల, తెలుపులో నలుపో ఎరుపో కలిస్తే పింగళ. పందేల కోసం పెట్టిన పేర్లు ఇవి. పందేలు చట్టం ఒప్పుకోదు, నేనూ వాటికి కోళ్లు ఇవ్వను. కానీ రంగు గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి మాటలు లేవు.

మూడు రంగుల లెక్క చాలు, మిగతావి అనుభవంతో వస్తాయి.

తెలుపు. తెలుపు రెండు రకాలు. తెల్ల కోడిని నల్ల కోడితో కలిపి చూడండి. పిల్లలన్నీ తెల్లగా, అక్కడక్కడ నల్ల చుక్కలతో వస్తే అది బలమైన తెలుపు. తెల్ల లెగ్‌హార్న్‌లో ఉండేది ఇదే. పిల్లలన్నీ రంగుల్లో వస్తే అది బలహీన తెలుపు. బలమైన తెలుపు మందలోకి వస్తే మిగతా రంగుల్ని కప్పేస్తుంది, కానీ తీసేయడం తేలిక. తెల్లవాటిని అమ్మేస్తే పోతుంది. బలహీన తెలుపు అలా కాదు. రంగు కోళ్లలో తరాల తరబడి దాక్కుంటుంది.

బూడిద రంగు. ఇక్కడే ఎక్కువమంది విసిగిపోతారు. బూడిద పుంజుని బూడిద పెట్టతో కలిపితే అన్నీ బూడిద రంగు రావు. నూటికి సుమారు 25 నలుపు, 50 బూడిద, 25 మచ్చల తెలుపు వస్తాయి. ఎందుకంటే బూడిద రంగు నలుపుకీ మచ్చల తెలుపుకీ మధ్య రంగు. ఎన్ని తరాలు ఎంపిక చేసినా ఇది నిలవదు. అన్నీ బూడిద రంగే కావాలంటే నల్ల కోడిని మచ్చల తెల్ల కోడితో కలపాలి. అప్పుడు నూటికి నూరూ బూడిదే.

గీతల ఈకలు. ఈక మీద అడ్డగీతలు ఉండే గుణం జెడ్ మీద ఉంటుంది, బలమైనది. గీతలున్న పెట్టని గీతల్లేని నల్ల పుంజుతో కలిపితే గీతలు పుంజుపిల్లలకే వస్తాయి. నల్లపిల్లల్లో తల మీద తెల్ల మచ్చ ఉన్నది పుంజు, లేనిది పెట్ట. పెట్టలకి గీతలు కావాలంటే గీతలున్న పుంజుని పెట్టాలి. మళ్లీ అదే సూత్రం, కూతురికి జెడ్ తండ్రిదే.

5. జుట్టు

తల మీద ఉండే ఎర్రటి కండ జుట్టు గురించి ఇప్పుడు. ఎగతాళిగా అనిపించొచ్చు గానీ, మెండల్ సూత్రాలు మొక్కలకే కాదు జంతువులకీ వర్తిస్తాయని బేట్సన్ 1902లో చూపించింది ఈ కోడి జుట్టు మీదే.

జుట్టు ముఖ్యంగా నాలుగు రకాలు.

- ఒంటి జుట్టు: రంపం పళ్లలా నిలువుగా ఉంటుంది. కడక్‌నాథ్‌కి, చాలా నాటు కోళ్లకి ఇదే.
- బఠానీ జుట్టు: చిన్నగా, తలకి అంటుకుని, మూడు వరసల బొడిపెలుగా ఉంటుంది. అసీల్‌కి ఇదే గుర్తు.
- గులాబీ జుట్టు: వెడల్పుగా, బల్లపరుపుగా, వెనక మొన తేలి ఉంటుంది.
- అక్రోటు జుట్టు: బఠానీ, గులాబీ రెండు జన్యువులూ ఒకే కోడిలో కలిస్తే వస్తుంది.

బఠానీ, గులాబీ రెండూ ఒంటి జుట్టు కంటే బలమైనవి. ఏదీ లేకపోతేనే ఒంటి జుట్టు. కాబట్టి ఒంటి జుట్టు కోళ్లని రెండింటిని కలిపితే బఠానీ జుట్టు ఎప్పటికీ రాదు. కానీ బఠానీ జుట్టు కోళ్లు రెండింటికి ఒంటి జుట్టు పిల్ల పుట్టొచ్చు. రెండిట్లోనూ ఒంటి జుట్టు దాగి ఉంటే నూటికి 25 అలా పుడతాయి.

"బఠానీ జుట్టుంది కాబట్టి అసలైన అసీల్" అని అమ్మేవాళ్లు చెప్పేది నమ్మకండి. సగం సంకరానికి కూడా బఠానీ జుట్టే వస్తుంది, కాకపోతే కాస్త ఎత్తుగా, పెద్దగా ఉంటుంది.

పరీక్ష ఇలా చేయాలి. కొన్న పుంజుని ఒంటి జుట్టు పెట్టలతో కలపండి. పిల్లల్లో ఒక్కదానికి ఒంటి జుట్టు వచ్చినా ఆ పుంజు శుద్ధమైనది కాదు. వరసగా ఏడు పిల్లలకీ బఠానీ జుట్టు వస్తే, దాగి ఉన్నా మనకి కనపడకుండా పోయే అవకాశం 128లో ఒకటే. అంటే నమ్మొచ్చు. ఈ ఏడు పిల్లల పరీక్షకి మీకయ్యే ఖర్చు నెల రోజుల నూకలు. చేయకపోతే పోయేది రెండేళ్లు. పిల్లలకి రెండు మూడు వారాలు వచ్చేసరికి జుట్టు తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గులాబీ జుట్టు పెంచేవాళ్లకి ఒక జాగ్రత్త. ఆ జన్యువు జతగా రెండూ ఉన్న పుంజుల్లో గుడ్లు పొల్లు పోవడం ఎక్కువ. కాబట్టి గులాబీ జుట్టు మందలో అప్పుడప్పుడూ పుట్టే ఒంటి జుట్టు కోళ్లని అన్నీ కోసేయకుండా కొన్ని ఉంచుకోవాలి.

6. గుడ్డు

రంగు, జుట్టు ఒకటి రెండు జన్యువుల పని. గుడ్డు అలా కాదు. ఎన్నో జన్యువులు, మేత, వెలుతురు, వయసు అన్నీ కలిసి ఉంటాయి. అందుకే ఒక్క తరంలో మారదు.

గుడ్డు బరువు ఎంపికకి బాగా లొంగుతుంది. గుడ్ల సంఖ్య అంత తొందరగా లొంగదు. పైగా రెండూ ఎదురుబొదురు లాగుతాయి. సంఖ్య పెంచితే బరువు తగ్గుతూ వస్తుంది. పొదుగుకి వేసే గుడ్లలో మరీ చిన్నవి, గుండ్రంగా ఉన్నవి, రెండు సొనలున్నంత పెద్దవి తీసేయడం మొదటి ఎంపిక.

పెంకు రంగు కూడా చాలా జన్యువుల పనే. ముదురు గోధుమ రంగు గుడ్లు కావాలంటే ముదురు గుడ్లే పొదుగుకి వేయండి. అయితే పెట్ట గుడ్లు పెట్టేకొద్దీ పెంకు రంగు తేలిపోతుంది. కాబట్టి ఒక పెట్టని విడత మొదటి గుళ్లతో, ఇంకో దాన్ని చివరి గుడ్లతో పోల్చకండి. పెంకు రంగుని బట్టి లోపలి పోషకాలు మారవు. ఆ సంగతి కొనేవాళ్లకి కూడా చెప్పండి.

పుంజు గుడ్డు పెట్టదు కదా, దాన్ని ఎలా ఎంపిక చేయాలి? తల్లినీ అక్కచెల్లెళ్లనీ చూడాలి. మనం పెట్టల్లో ఎంత వెతికినా పిల్లల గుణంలో సగం పుంజు నుంచే వస్తుంది. పది పెట్టలకి ఒక పుంజు అంటే, ఆ ఒక్క పుంజే సగం మంద. మెడ నిగారింపు చూసి పుంజుని కొనడమంటే, ఆ సగం మందని కళ్లు మూసుకుని కొన్నట్టే.

ఏ గుడ్డు ఏ పెట్టదో తెలియడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మా అమ్మ సాయంత్రం పెట్టని పట్టుకుని తడిమి, రేపు గుడ్డు పెడుతుందో లేదో చెప్పేస్తుంది. పెట్టేదాన్ని పొద్దున్నే గంప కింద మూస్తే ఆ గుడ్డు దానిదే. పెన్సిల్‌తో పెట్ట నంబరు, తేదీ రాయాలి. రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులు చేసినా నాలుగు నెలల్లో మంచి పెట్ట ఏదో తెలిసిపోతుంది.

ఇక నేను కాలుజారిన చోటు. పొదుగుకి కూర్చున్నప్పుడు పెట్ట గుడ్లు పెట్టదు. కాబట్టి సంఖ్య ఒక్కటే చూసి ఎంపిక చేస్తే, మనకి తెలియకుండానే పొదగని పెట్టల్ని ఎంపిక చేస్తున్నాం. కంపెనీ గుడ్ల కోళ్లలో పొదుగు పోయింది ఇలాగే. వాళ్లకి అది కావలసిన గుణమే, ఇంక్యుబేటర్లు ఉన్నాయి కాబట్టి. చెట్ల కింద పెంచే మనకి పొదుగే అసలు గుణం.

నా ఇప్పటి నియమం ఇది: ఏడాదికి రెండుసార్లైనా పొదిగి, కింద పెట్టిన గుడ్లలో నూటికి 80 పిల్లలు తీసి, వాటిని సొంతంగా తిప్పి సాకిన పెట్టల్ని ముందు పక్కకి తీస్తాను. వాటిలోంచే ఎక్కువ గుడ్లు పెట్టిన దాన్ని ఎంచుతాను. ముందు పొదుగు, తర్వాత సంఖ్య.

సంకర కోళ్లు చెడ్డవని నేను అనను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకానికి ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటివి చాలామందికి ఉపయోగపడుతున్నాయి. కానీ అవి హైబ్రిడ్ విత్తనం లాంటివి. ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాలి. వాటిలోనే విత్తనం కడితే రెండో తరం చెల్లాచెదురైపోతుంది. దేశవాళీ వరి విత్తనం దాచుకునే మనకి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు.

7. ఎన్ని గుణాలు ఒకేసారి?

రంగు, జుట్టు, గుడ్లు, పొదుగు నాలుగూ కావాలనిపిస్తుంది. లెక్క చూడండి. ఒక్కో గుణానికి సగం కోళ్లని తీసేస్తే, 64 పిల్లల్లో మిగిలేవి 32, 16, 8, చివరికి 4. అందులో రెండు పుంజులు, రెండు పెట్టలు. అవి కూడా అన్నాచెల్లెళ్లు. వాటిని కలిపితే విత్తనం నీరసపడుతుంది.

కాబట్టి వరస పెట్టుకోండి. నా వరస: ఒకటి ఆరోగ్యం, రెండు పొదుగు, మూడు గుడ్లు, నాలుగు జుట్టు, ఐదు రంగు. రంగు ఐదోదని మొదట బాధపడ్డాను. కానీ రంగు ఒకటి రెండు తరాల్లో తిరిగి తెచ్చుకోవచ్చు. పొదుగు పోతే తిరిగి రావడానికి మనకి మందే మిగలదు.

8. మూడు గూళ్ల పద్ధతి

చుట్టరికం దగ్గరైతే గుడ్లు పొల్లు పోతాయి, పిల్లలు ముడుచుకుంటాయి. అన్నాచెల్లెలి జతకి పుట్టిన పిల్లల్లో ఈ దగ్గరితనం 25 శాతం. ఒక పుంజు, పది పెట్టలతో మంద నడిపితే తరానికి 13-14 శాతం చొప్పున పెరుగుతుంది. అదే మూడు పుంజులు, 15 పెట్టలతో నడిపితే తరానికి 5 శాతం. నేల అంతే, మేత కొంచెమే ఎక్కువ, తేడా చూడండి.

పద్ధతి ఇది. వీడియోలో బొమ్మ గీసి చూపించాను.

- మూడు గూళ్లు. కాళ్లకి ఎరుపు, పసుపు, నీలం రింగులు. ఒక్కో గూటికి ఒక పుంజు, ఐదు పెట్టలు. ప్రతి గూటికి ఒక పుంజు అదనంగా ఉంచుకోవాలి.
- పుట్టిన పెట్టలు తల్లి గూటిలోనే ఉంటాయి.
- పుట్టిన పుంజులు పక్క గూటికి వెళ్తాయి. ఎరుపువి పసుపులోకి, పసుపువి నీలంలోకి, నీలంవి ఎరుపులోకి. ఎప్పుడూ అదే దిశ.

అంతే. కూతుళ్లు పుట్టింట్లోనే ఉంటారు, కొడుకులు ఇల్లరికం వెళ్తారు. ఇలా గుర్తుపెట్టుకుంటే ఎప్పుడూ తప్పు పోదు.

పుంజుని మార్చినప్పుడు తొందరపడకండి. పాత పుంజుని తీసేసిన తర్వాత కూడా దాని వీర్యం పెట్ట ఒంట్లో రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది. నేను మొదట్లో నాలుగు రోజులకే గుడ్లు పొదుగుకి వేసి, పిల్లల్ని చూసి తల బద్దలుకొట్టుకున్నాను. కనీసం మూడు వారాలు ఆగండి. ఆ గుడ్లు తినండి, అమ్ముకోండి.

పొదుగుకి వేసే గుడ్లు వారం లోపువి కావాలి. నీడలో, చల్లటి చోట, మొన కిందికి పెట్టి దాచాలి. 21వ రోజు పిల్లలు లేచాక వేళ్ల మధ్య పలుచటి చర్మానికి చిన్న చిల్లు పెట్టి గుర్తు వేయండి. ఏ వేలి మధ్య చిల్లు ఉంటే ఏ గూడో పుస్తకంలో రాయండి. విత్తనపు కోళ్లకి కొక్కెర తెగులు టీకా మాత్రం మానకండి. ఐదేళ్లు కట్టిన విత్తనం ఐదు రోజుల్లో పోతుంది. టీకా వేయించడం ప్రకృతి వ్యవసాయానికి విరుద్ధం కాదు.

9. పోయిన విత్తనం ఎలా దొరికింది

మా అమ్మకి ఒక అలవాటుండేది. పెళ్లైన ఆడపిల్లలకీ చుట్టాలకీ పెట్టని వాటాకి ఇచ్చేది. పెంచుకోండి, పిల్లలు లేచాక సగం నాకివ్వండి అని. వ్యాపారం చేయడం రానివాళ్ల పని అని నేను నవ్వేవాడిని. ఆ 112 గుడ్లు పోయిన నెలకి అమ్మే గుర్తుచేసింది, మా పిన్నికి ఇచ్చిన పెట్ట సంతతి ఇంకా ఉందేమో చూడమని.

వెళ్లాను. పిన్ని వాళ్ల పశువుల పాకలో ఒక మైల పెట్ట తట్టలో పొదుగు మీద ఉంది. చెయ్యి పెడితే పొడిచింది. చెయ్యి రక్తం కారుతుంటే నాకు నవ్వొచ్చింది. నాలుగు పెట్టలు, ఒక పుంజు ఇచ్చింది పిన్ని. డబ్బులిస్తే తీసుకోలేదు. "మీ అమ్మకి సగం బాకీ ఉందిరా" అంది.

అక్కడి నుంచి మొదలుపెట్టి, పక్క ఊళ్లలో అదే రకం కోళ్లని ఇంకో రెండు ఇళ్ల నుంచి తెచ్చి మూడు గూళ్లు కట్టాను. ఇప్పుడు నా పెట్టల్లో మూడొంతులకి పైగా పొదుగుతాయి. ఇంక్యుబేటర్ ఉంది గానీ అదనపు గుడ్లకే. నల్లకోళ్ల గూడు వేరుగా ఉంది, ఈసారి పుంజు కడక్‌నాథ్. రెండు మందల్నీ ఎప్పుడూ కలవనివ్వను.

ఇంకో పని కూడా చేస్తున్నాను. ఏటా ఐదు పెట్టల్ని, వేరే గూటి పుంజుల్ని ఊళ్లో వేరే ఇళ్లకి వాటాకి ఇస్తున్నాను. నా షెడ్డులో తెగులొచ్చినా, నాకు మళ్లీ బుద్ధి పెడదారి పట్టినా, విత్తనం ఇంకోచోట ఉంటుంది. విత్తనం ఒకే ఇంట్లో ఉంచకూడదని మా అమ్మకి ఏ డిప్లొమా లేకుండానే తెలుసు.

మీరు ఈ వారం చేయాల్సినవి

1. ఒక నోటు పుస్తకం కొనండి. ప్రతి పెట్టకి ఒక పేజీ. రంగు, జుట్టు, కాళ్ల రంగు, గుడ్లు, ఎన్నిసార్లు పొదిగింది, ఎన్ని పిల్లల్ని తీసింది.
2. మీ గుణాల వరస రాసుకోండి. మొదటి రెండింటి మీదే గట్టిగా ఉండండి.
3. పుంజుని కొనేముందు దాని తల్లిని చూపించమనండి. చూపించలేకపోతే ఏడు పిల్లల పరీక్ష చేయండి.
4. మందలో మంచి పొదుగు పెట్ట ఏదో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. దాన్ని అమ్మకండి.
5. ఒక జతనైనా నమ్మకమైన ఇంకో ఇంట్లో ఉంచండి.

వచ్చే పాఠంలో చెదలు, అజొల్లా, చోళ్లతో మేత ఖర్చు తగ్గించే పద్ధతి చూద్దాం. ఈలోగా మీ కోళ్ల పుస్తకం మొదలుపెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం తెరిస్తే, మీ కోళ్ల గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.